బొమ్మల కుక్కకి కనుబొమలెందుకు?

ఒక పెన్సిలూ, ఒక తెల్లకాగితమూ తీసుకోండి. బొమ్మలు వెయ్యడం రాదని మొహమాటపడకండి. నాకూ రాదు. నేను బోర్డు మీద కప్పని వేస్తే, కింద రాసిన పేరు చదివాకగాని మా పిల్లలు అది కప్పని ఒప్పుకోరు. సరే, కాగితం మీద కోడిగుడ్డంత సున్న చుట్టండి. లోపల రెండు చుక్కలు పెట్టండి, అవి కళ్ళు. వాటి కింద సెనగగింజంత నల్లటి ముక్కు. అటూ ఇటూ పనసాకుల్లా వేలాడే రెండు చెవులు. నోరు మాత్రం వెయ్యకండి. ఇప్పుడు చూడండి. కుక్కేగాని, దాని మనసులో ఏముందో మనకి తెలియదు.

కళ్ళ మీద చిన్న గీతలు రెండు గియ్యండి. ముక్కువైపు కొసలు పైకి లేచి ఉండాలి. పాపం, పొద్దున్నించీ ఎవరూ అన్నం పెట్టలేదు కాబోలు అనిపిస్తోంది గదూ? రబ్బరుతో చెరిపేసి, ఈసారి అవే కొసల్ని కిందికి దించండి. కోపం వచ్చేసింది. ఒకటి పైకీ, ఒకటి కిందికీ గీస్తే "నువ్వు చెప్పేది నిజమేనా?" అని నిలదీస్తున్నట్టుంటుంది. కళ్ళు మారలేదు, ముక్కు మారలేదు, నోరు లేనే లేదు. రెండు గీతలు చేసిన పని ఇది.

ఇంగ్లండులో నిక్ పార్క్ అనే ఆయన ఈ రెండు గీతల మీదనే ఒక కుక్క జీవితమంతా నడిపించాడు. దాని పేరు గ్రోమిట్. అది కాగితం మీద గీసినది కాదు, ఎండిపోని రంగు బంకమట్టితో చేసిన బొమ్మ. దాన్ని వెంట్రుకవాసి కదపాలి, ఒక ఫొటో తియ్యాలి, మళ్ళీ కదపాలి, మళ్ళీ తియ్యాలి. సినిమా తెర మీద సెకనుకి 24 ఫొటోలు పరుగెడతాయి గనుక దానికెంత ఓపిక కావాలో ఊహించుకోండి. ఆయన 1982లో విద్యార్థిగా మొదలుపెట్టిన 'ఎ గ్రాండ్ డే అవుట్' అనే చిన్న సినిమా 1989కి గాని పూర్తికాలేదు. అసలు ఆయన మొదట అనుకున్నది కుక్కని కాదు, పిల్లిని. తీరా మట్టితో చెయ్యబోతే కుక్కే తేలికనిపించింది. లావుపాటి కాళ్ళూ, పెద్ద ముక్కూ మట్టికి బాగా ఒదుగుతాయి. అలా పిల్లి పోయి కుక్క వచ్చింది. దానికి ఎవరిచేతనైనా మాటలు చెప్పించాలని కూడా అనుకున్నారు. కాని పని మొదలెట్టాక చూస్తే ఆ అవసరమే రాలేదు. కనుబొమల దగ్గర మట్టిని వేలితో కొంచెం నొక్కితే చాలు, గ్రోమిట్ విసుక్కుంటుంది, భయపడుతుంది, యజమాని తెలివితక్కువతనానికి జాలిపడుతుంది. గ్రోమిట్ నటించిన 'ది రాంగ్ ట్రౌజర్స్' (1993), 'ఎ క్లోజ్ షేవ్' (1995) రెండింటికీ ఆస్కార్ బహుమతులు వచ్చాయి. నోరు లేని నటుడికి ఇంతకన్న ఏం కావాలి?

ఇదంతా బొమ్మలు చేసేవాళ్ళ చమత్కారమే అనుకుంటారేమో. కాదు. ఆ గీతలు నిజం కుక్క మొహంలోనే ఉన్నాయి.

2019లో జూలియానె కామిన్‌స్కీ, ఆన్ బరోస్ మొదలైన శాస్త్రజ్ఞులు 4 తోడేళ్ళ తలల్నీ, 6 కుక్కల తలల్నీ (అన్నీ సహజంగానో, మరోలాగో అంతకుముందే చనిపోయినవే) కోసి, మొహంలోని కండరాల్ని పోల్చి చూశారు. ఇంచుమించు అన్నీ ఒకటే. తేడా అంతా కళ్ళ చుట్టూనే కనిపించింది. కంటి లోపలి మూలని, అంటే మీరు ఇందాక పైకి లేపిన ఆ కొసని, ఎత్తే కండరం ఒకటుంది. దాని పేరు నోరు తిరగనంత పొడుగు: లెవేటర్ ఆంగ్యులై ఆక్యులై మీడియాలిస్. పరీక్షకి రాదులెండి, భయపడకండి. ఆ కండరం కుక్కలన్నిటిలోనూ చక్కగా ఉంది. తోడేళ్ళలో మాత్రం దాని స్థానంలో కాసిని పలచటి పోగులు, కొంత సంధాయక కణజాలం ఉన్నాయంతే. అంచేత కుక్క కనుబొమని ఎత్తినంతగా, ఎత్తినన్నిసార్లు, తోడేలు ఎత్తలేదు.

కుక్క తోడేళ్ళ వంశంనుంచి విడిపోయి మనిషి పంచన చేరి కనీసం 15,000 ఏళ్ళయింది. పరిణామం లెక్కలో అది రెప్పపాటు. అంత కొద్దికాలంలో మొహంలో ఒక కండరం కుదురుకోవడం చిన్న సంగతి కాదు. ఎందుకు జరిగిందంటే, శాస్త్రజ్ఞులు చెప్పే కారణం ఇది: కనుబొమ లోపలి కొస లేచినప్పుడు కన్ను పెద్దదిగా, పసిపిల్ల కన్నులాగ కనిపిస్తుంది. ఏడవబోయే మనిషి మొహంలోనూ అదే కదలిక ఉంటుంది. అలాంటి చూపు చూసిన కుక్కకి మనవాళ్ళు తమకి తెలియకుండానే ఒక ముద్ద ఎక్కువ వేసి ఉంటారు. దాని పిల్లలు బతికాయి, వాటి పిల్లలూ బతికాయి. మీ పాఠ్యపుస్తకంలో కృత్రిమ వరణం అని చదివారే, ఆ మాటే ఇది. ఇక్కడ ఎంపిక చేసినవాళ్ళకి తాము చేస్తున్నామన్న సంగతే తెలియదు, అంతే తేడా.

ఆ ముద్ద కథ ఈనాటికీ నడుస్తోందని ఒక పరిశీలన ఉంది. బ్రిటన్‌లో దిక్కులేని కుక్కల్ని ఉంచే కేంద్రాల్లో 27 కుక్కల్ని గమనించి 2013లో ఫలితాలు ప్రకటించారు. ఎదట మనిషి ఉన్నప్పుడు కనుబొమల్ని ఎక్కువసార్లు ఎత్తిన కుక్కల్ని జనం తొందరగా పెంపకానికి తీసుకుపోయారు. 2017లో ఇంకో ప్రయోగం చేశారు. మనిషి తనవైపు తిరిగి చూస్తున్నప్పుడు కుక్క మొహం ఎక్కువగా కదిలింది, వీపు తిప్పి నిలబడితే తగ్గింది. చేతిలో తిండి ఉందా లేదా అన్నదానితో నిమిత్తం లేదు. చూసేవాడుంటేనే నటన!

అంచేత నేననేది ఏమిటంటే, కార్టూనిస్టు చేతికి వచ్చేసరికే కుక్క సగం గీసిన బొమ్మ. ఆ సగాన్నీ వేల ఏళ్ళపాటు మన తాతముత్తాతలు గీశారు. మిగతా సగాన్నే ఆయన పూర్తిచేస్తాడు.

కార్టూన్లలో ఎలుకలున్నాయి, బాతులున్నాయి, కుందేళ్ళున్నాయి, కాదనను. కాని మికీ మౌస్‌ని చూడండి. దానికి లాగు తొడగాలి, చేతులకి తొడుగులు వెయ్యాలి, మాటలు నేర్పాలి. అప్పుడుగాని అది మనకి దగ్గర కాదు. అంటే ఎలుకలో ఎలుకతనమంతా తీసేశాక మిగిలినదే మికీ. ప్లూటోకి అవేవీ అక్కర్లేదు. నాలుగు కాళ్ళ మీద నడుస్తుంది, నేలని వాసన చూస్తుంది, తోక ఆడిస్తుంది, మొరుగుతుంది. కుక్కగానే ఉండి కథ నడిపిస్తుంది. (గూఫీ కూడా కుక్కే గదా, మరి అది ప్యాంటు వేసుకుని మాట్లాడుతుందేమని మా తొమ్మిదో తరగతి పిల్ల ఒకర్తె అడిగింది. 1932లో మొదటిసారి తెరకెక్కినప్పటినుంచీ ఆ పాత్రని మనిషిగానే నడిపారు, కుక్క చెవులు మాత్రం తగిలించారు. ఒకే ఊళ్ళో రెండు న్యాయాలు. నా దగ్గర ఇంతకన్న జవాబు లేదు.)

ప్లూటో మొదట 1930లో 'ది చెయిన్ గ్యాంగ్' అనే చిత్రంలో పారిపోయిన ఖైదీల జాడ తీసే, పేరులేని వేటకుక్కగా కనిపించింది. 1931లో 'ది మూస్ హంట్'లో దానికి ప్లూటో అన్న పేరు వచ్చింది. ఆ ముందటి ఏడాది, 1930 ఫిబ్రవరి 18న, అమెరికాలోని లోవెల్ పరిశోధనాలయంలో క్లైడ్ టాంబా ప్లూటో గ్రహాన్ని కనిపెట్టాడు. అప్పట్లో ఆ పేరు అందరి నోళ్ళలోనూ నానుతోంది. 2006లో అంతర్జాతీయ ఖగోళ సంఘం ప్లూటోని గ్రహాల జాబితానుంచి తీసేసి మరుగుజ్జు గ్రహమంది. కుక్క హోదాకి మాత్రం ఏ భంగమూ రాలేదు.

1934లో వచ్చిన 'ప్లేఫుల్ ప్లూటో' అనే చిత్రాన్ని వీలైతే చూడండి. నలుపు తెలుపు సినిమా. ఈగల్ని పట్టడానికి జిగురు పూసిన కాగితం ఒకటి ప్లూటో ముక్కుకి అంటుకుంటుంది. కాలితో తీస్తే కాలికి అంటుకుంటుంది. ఆ కాలిని ఇంకో కాలితో తొక్కిపెడితే దానికి. ఓపిక నశించి చతికిలబడితే వెనకాల. కథ అంతే. కాని ప్రతి తడవా ప్లూటో ఆగి ఆలోచిస్తుంది! ముందు కళ్ళు కదులుతాయి, తర్వాత కనుబొమ, తర్వాత తల, ఆ తర్వాతే ఒళ్ళు. "ఇలా చేస్తే?" అనుకోవడం మనకి కనిపిస్తుంది. ఈ ఘట్టాన్ని గీసినాయన నార్మ్ ఫెర్గూసన్. అంతవరకూ కార్టూను బొమ్మలు గెంతేవి, పడేవి, తన్నుకునేవి. బొమ్మ తనలో తాను ఆలోచించినట్టు కనిపించడం దీనితోనే వచ్చిందని ఆ విద్య తెలిసినవాళ్ళంటారు. ఆ గౌరవం కుక్కకి దక్కడం నాకేమీ ఆశ్చర్యంగా లేదు.

లెక్క కూడా ఒకటి చూద్దాం. సెకనుకి 24 ఫ్రేములు. మామూలుగా ఒక్కొక్క బొమ్మని రెండేసి ఫ్రేములు ఉంచుతారు గనుక సెకనుకి 12 బొమ్మలు. 7 నిమిషాల చిత్రమంటే 420 సెకన్లు. 12ని 420తో హెచ్చవేస్తే 5,040. ఒక్క ప్లూటోనే అన్నిసార్లు గియ్యాలన్నమాట. మరి అన్ని బొమ్మల్లో దేనికి దానికి ప్రాణం ఎక్కడినుంచి వస్తుంది? చెవులనుంచీ, తోకనుంచీ. నవ్వకండి, ఇది భౌతికశాస్త్రం. బస్సు గబుక్కున ఆగితే నిలబడ్డ మనం ముందుకి తూలుతాం. దీన్నే జడత్వం అంటున్నాం. పరుగెడుతున్న కుక్క ఆగితే ఒళ్ళు ఆగుతుంది గాని, వదులుగా వేలాడే చెవులు ముందుకి ఎగిరి, తర్వాత వెనక్కి వచ్చి, అప్పుడు నిలుస్తాయి. బొమ్మలో అది కనిపించగానే ఈ జంతువుకి బరువుందని మన కన్ను నమ్మేస్తుంది. బరువుంటే ప్రాణమూ ఉన్నట్టే. డిస్నీ చిత్రకారులు ఈ సూత్రాన్ని వాడుకోడానికి వేలాడే చెవులు, ఊగే తోక, వదులు చర్మం ఉన్న కుక్కకన్న మంచి జంతువేది దొరుకుతుంది?

ఆ వేలాడే చెవులూ మన చేతిపనే. తోడేలు చెవులు నిక్కబొడుచుకునే ఉంటాయి. పెంపుడు జంతువుల్లో వాలుచెవులు ఎక్కువని డార్విన్ 1859లోనే గమనించాడు. వంద సంవత్సరాల తర్వాత, 1959లో, దిమిత్రి బెల్యాయెవ్ రష్యాలోని నోవొసిబిర్స్క్‌లో వెండి నక్కల మీద ఒక ప్రయోగం మొదలుపెట్టాడు. ప్రతి తరంలోనూ మనిషిని చూసి బెదరకుండా, కరవకుండా ఉండే నక్కల్నే ఎంచి పిల్లల్ని పెట్టించారు. చూసింది స్వభావం ఒక్కటే, రూపం కాదు. కొన్ని తరాలకే నక్కలు మనిషిని చూసి తోక ఆడించడం మొదలుపెట్టాయి. ఆ తర్వాత కొన్నిటికి ఒంటి మీద తెల్లమచ్చలు, వాలుచెవులు, చుట్టతిరిగిన తోకలు కూడా వచ్చాయి. అయితే ఆ నక్కల పూర్వీకులు అంతకుముందే కెనడాలో ఫారాల్లో పెరిగినవనీ, ఆ లక్షణాల్లో కొన్ని అప్పటికే వాటిలో ఉన్నాయనీ 2019లో కొందరు శాస్త్రజ్ఞులు అభ్యంతరం చెప్పారు. అంచేత రూపంలో మార్పు ఎంతవరకు సాధుత్వంతోనే వచ్చిందన్నది ఇంకా వాదనలో ఉంది. స్వభావం మారిందన్న దాంట్లో మాత్రం సందేహం లేదు.

ఇక తల సంగతి. 1943లో కోన్రాడ్ లోరెంజ్ అనే ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు (1973లో ఈయనకి నోబెల్ బహుమతి పంచుకునే భాగ్యం దక్కింది) ఒక పటం గీశాడు. ఒకవైపు పసిపాప తల, పెకినీస్ జాతి కుక్క తల. రెండోవైపు పెద్దమనిషి తల, వేటకుక్క తల. ఇలాంటి జతలే మరి రెండు. ఎత్తైన నుదురు, పెద్ద కళ్ళు, ఉబ్బిన బుగ్గలు, పొట్టి ముక్కు ఉన్న మొహం చూడగానే, అది ఏ జంతువుదైనా సరే, మనకి ఎత్తుకోవాలనిపిస్తుందని ఆయన సిద్ధాంతం. కార్టూన్లు గీసేవాళ్ళకి ఈ సిద్ధాంతం చదవకుండానే తెలుసు. అమెరికాలో చార్లెస్ షుల్జ్ గీసిన 'పీనట్స్'లో 1950 అక్టోబరు 4న కనిపించిన స్నూపీని చూడండి. నాలుగు కాళ్ళ మీద నడిచే చిన్న కుక్కపిల్ల, ఒంటికి మించిన తల. 1952లో దాని తల మీద మేఘంలాంటి బుడగలో ఆలోచనలు రావడం మొదలైంది. తర్వాత రెండు కాళ్ళ మీద లేచింది. ఇంటి కప్పెక్కి పడుకుంది. తానొక విమాన వీరుణ్ణని కలలు కంది. కాని నోరు విప్పి ఒక్క మాట మాట్లాడలేదు. షుల్జ్ 2000 సంవత్సరం వరకు 17,897 కార్టూను వరసలు తానే గీశాడు, ఇంకొకరి చెయ్యి పడనివ్వలేదు.

స్నూపీ చంద్రుడి దాకా కూడా వెళ్ళింది. 1969 మేలో అపోలో 10 యాత్రలో చంద్రుడి దగ్గరికి దిగే వాహనానికి స్నూపీ అనీ, పైన తిరిగే వాహనానికి ఆ కుక్క యజమాని అయిన చార్లీ బ్రౌన్ అనీ పేర్లు పెట్టారు. స్టాఫర్డ్, సెర్నన్ అనే వ్యోమగాములు స్నూపీలో కూర్చుని చంద్రతలానికి సుమారు 15 కిలోమీటర్ల ఎత్తు దాకా దిగి, చూసి, వెనక్కి వచ్చారు. రెండు నెలల తర్వాత అపోలో 11 దిగింది. స్నూపీ పైభాగాన్ని పని అయ్యాక వదిలేస్తే అది సూర్యుడి చుట్టూ తిరిగే కక్ష్యలోకి వెళ్ళిపోయింది.

ఇంతవరకూ సరదాగానే ఉంది. ఇప్పుడు నా పొరపాటు ఒకటి చెప్పాలి. అసలు ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

కొన్నేళ్ళ క్రితం జడత్వం పాఠం చెబుతూ ఎనిమిదో తరగతి పిల్లలకి ప్లూటో చిత్రం ఒకటి చూపించాను. చెవులు చూడండి, కనుబొమలు చూడండి, ఎంత బాగా నవ్వుతోందో చూడండి అన్నాను. పిల్లలు కేరింతలు కొట్టారు. ఆ వారంలోనే ఒక సాయంత్రం మా పిల్లవాడొకడు వీధి మలుపులో గొలుసుతో కట్టేసి ఉన్న కుక్క ముందు మోకాళ్ళ మీద కూర్చుని, మొహం దగ్గరగా పెట్టి, మెడ చుట్టూ చెయ్యి వేశాడు. అది చెంప కరిచింది. నేను కేక విని పరుగెత్తేసరికి వాడు ఏడవడం కూడా మరిచిపోయి నిలబడి ఉన్నాడు. "పళ్ళు కనబడ్డాయి మాస్టారూ, నవ్వుతోంది గదా అనుకున్నాను" అన్నాడు.

ఆ మాట నాకు బాగా తగిలింది. కార్టూనిస్టు కుక్క దగ్గరనుంచి చాలా సంగతులు నిజాయితీగానే తీసుకున్నాడు. ఒక్క నోరు మాత్రం మనిషి దగ్గరనుంచి తెచ్చి అతికించాడు. పళ్ళు కనబడేటట్టు పెదవులు లాగడం మన భాషలో నవ్వు. కుక్క భాషలో సాధారణంగా అది "ఇంక దగ్గరికి రాకు" అని. కొన్ని కుక్కలు యజమానిని చూసినప్పుడు పళ్ళు ఇకిలించడం ఉంది, డార్విన్ కూడా దాన్ని గురించి రాశాడు. కాని ఏది ఏదో కొత్తవాళ్ళకి తెలియదు. మెడ చుట్టూ చెయ్యి వెయ్యడం మనకి ప్రేమ, కట్టేసి ఉన్న కుక్కకి ఊపిరాడని భయం. తోక ఆడినంత మాత్రాన సంతోషమనీ కాదు. ఇటలీలో 30 కుక్కల్ని పరీక్షించి 2007లో ప్రకటించిన దాని ప్రకారం, యజమానిని చూసినప్పుడు తోక కుడివైపుకి ఎక్కువగా ఊగింది. పెత్తనం చేసే కొత్త కుక్కని చూసినప్పుడు ఎడమవైపుకి. కార్టూన్లో తోకకి ఈ తేడా ఎవరూ గియ్యరు.

డార్విన్ 1872లో మనుషులూ, జంతువులూ భావాల్ని ఎలా వెలిబుచ్చుతాయన్న దాని మీద ఒక పుస్తకం రాశాడు. అందులో పక్కపక్కన చూడదగ్గ రెండు కుక్క బొమ్మలున్నాయి. ఒకటి కయ్యానికి కాలు దువ్వుతున్న కుక్క: ఒళ్ళు బిర్రబిగిసి, తోక నిటారుగా లేచి, చెవులు ముందుకి తిరిగి, మెడ మీద రోమాలు నిక్కబొడుచుకుని ఉంటుంది. రెండోది యజమాని దగ్గరికి వస్తున్న కుక్క: ఒళ్ళు వంకరలు తిరుగుతుంది, తోక కిందికి దిగి ఊగుతుంది, చెవులు వెనక్కి వాలిపోతాయి. మొదటిదానికి అన్నిటా తలకిందులన్నమాట. మొహాన్ని మాత్రమే కాక ఒళ్ళంతా చూడమని నేను ఆ రోజు పిల్లలకి చెప్పి ఉండవలసింది. కుక్క మొహం పక్కకి తిప్పుకుని కంటి తెల్లగుడ్డు కనిపించేలా చూస్తున్నా, ఊరికే పెదవులు నాక్కుంటున్నా, నిద్ర లేకుండానే ఆవలిస్తున్నా అది ఇబ్బందిపడుతోందని అర్థం. అప్పుడు నిలబడి, చేతులు దగ్గరికి పెట్టుకుని, మెల్లిగా వెనక్కి తగ్గాలి. పరుగెత్తకూడదు.

పిల్లవాణ్ణి కుళాయి దగ్గరికి తీసుకెళ్ళి సబ్బుతో, ధారగా పోసే నీళ్ళతో గాయాన్ని పావుగంటసేపు కడిగాను. ఇది మీరు కూడా గుర్తుపెట్టుకోండి, కనీసం 15 నిమిషాలు. పసుపు, సున్నం, కారం ఏదీ పెట్టకూడదు. తర్వాత ఆసుపత్రికి తీసుకెళ్తే గాయం చుట్టూ ఒక ఇంజెక్షను ఇచ్చి, టీకాలు వరసగా వేశారు. వాడు బాగానే ఉన్నాడు. చెంప మీద చిన్న మచ్చ మిగిలింది. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు, ముందే టీకా పడితే దాదాపు ఎవరికీ రాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాలో ఏటా సుమారు 59,000 మంది దానితో చనిపోతున్నారు, వాళ్ళలో 40 శాతం 15 ఏళ్ళ లోపు పిల్లలు. కుక్క గీరినా సరే, ఇంట్లో తిడతారని దాచిపెట్టకండి.

పొరపాటు ఒకవైపే జరగదు. బొమ్మని చూసి కుక్కని అపార్థం చేసుకోవడం ఒకటైతే, కుక్కనే బొమ్మగా మార్చాలనుకోవడం ఇంకొకటి. 2003లో మన టీవీల్లో ఒక మొబైల్ ఫోను ప్రకటన వచ్చింది. ఒక పిల్లవాడు ఎక్కడికి వెళితే అక్కడికి వెంటపడే చప్పిడి మొహం పగ్ కుక్క అందులో ఉండేది. మీ నాన్నగారినో అమ్మగారినో అడగండి, గుర్తుచేసుకుంటారు. ఆ తర్వాత పట్టణాల్లో అందరికీ పగ్‌లు కావలసివచ్చాయి. లోరెంజ్ చెప్పిన లక్షణాలన్నీ ఆ మొహంలో ఉన్నాయి గదా! కాని ముక్కు పొట్టిదయినంతగా లోపలి కండ పొట్టిది కాలేదు. మెత్తటి అంగిలి గాలిదారికి అడ్డం వస్తుంది. కుక్కకి మనలాగ ఒళ్ళంతా చెమట పట్టదు. ముక్కులోను, నాలుక మీద ఉన్న తడి ఆవిరి కావాలి, అప్పుడే ఒళ్ళు చల్లబడుతుంది. ముక్కే లేకపోతే ఆవిరి ఎక్కడినుంచి పోతుంది? మే నెలలో మన ఎండలకి ఆ కుక్క పడే ఆయాసాన్ని ఒకసారి వినండి. గురక బాగుందని నవ్వేవాళ్ళుంటారు, నాకు నవ్వు రాదు. ఈ విషయంలో నాకు ఇవో తకమోటో అంటే గౌరవం. 1969లో స్కూబీ-డూని తయారుచేసేటప్పుడు ఆయన, బహుమతులు గెలిచే గ్రేట్ డేన్ కుక్క ఎలా ఉండాలో ఆ జాతిని పెంచే ఒకావిణ్ణి అడిగి తెలుసుకుని, అన్నీ తలకిందులుగా గీశాడు. నిటారు వీపుకి బదులు గూని, తిన్నటి కాళ్ళకి బదులు దొడ్డికాళ్ళు. గీసింది కాగితం మీదే గనుక ఏ కుక్కకీ నొప్పి పుట్టలేదు.

ఇంతకీ ఈ బొమ్మల కుక్కల్ని చూసి కుక్కలేమనుకుంటాయి? మా ఇంట్లో పాత డబ్బా టీవీ ఉన్న రోజుల్లో మా కుక్క దానివైపు తలెత్తి కూడా చూసేది కాదు. కారణం తర్వాత తెలిసింది. ఆ టీవీ తెర సెకనుకి 50 సార్లు వెలిగి ఆరుతుంది. మన కంటికి అది ఎడతెగని వెలుగులాగే కనిపిస్తుంది. కుక్క కన్ను సెకనుకి 70, 80 సార్ల దాకా వెలుగు ఆరిపోవడాన్ని పట్టేస్తుంది గనుక దానికి తెరంతా మినుకుమినుకుమంటూ ఉంటుంది. కొత్త టీవీలకి ఆ బాధ లేదు. మొన్న సెలవుల్లో మనవరాలు ప్లూటో పెట్టుకుంటే మా కుక్క నిజంగానే వచ్చి కూర్చుంది. దానికి నీలం, పసుపు బాగానే కనిపిస్తాయి, ఎరుపే తెలియదు. అంచేత ప్లూటో పసుపుగానే కనిపించి ఉంటుంది, మికీ లాగు మాత్రం మాసిన గోధుమరంగులో. చెవులు ముందుకి పెట్టి కాసేపు చూసింది. లేచి తెర దగ్గరికి వెళ్ళి ముక్కుతో రెండుసార్లు ఎగపీల్చింది. టీవీ వెనక్కి వెళ్ళి అక్కడా వాసన చూసింది. తర్వాత మావైపు ఒకసారి తిరిగి, ఆ కనుబొమ ఎత్తి, వరండాలోకి పోయి పడుకుంది.